జన్యుమార్పిడి తిండి: చెప్పి అమ్మాలి

మన దేశంలో జన్యుమార్పిడి ఆహారానికి చోటు లేదన్నది చాలామందికి స్థిరపడిపోయిన అభిప్రాయం. 2010లో బీటీ వంకాయను ఆపేశారు, అక్కడితో ఆ కథ ముగిసిందనుకుంటారు. కాగితం మీద చూస్తే ఇందులో కొంత నిజముంది. జన్యుమార్పిడి కూరగాయనో, ధాన్యాన్నో మామూలు పంటలా పండించి అమ్ముకోవడానికి మన రైతుకు నేటికీ అనుమతి లేదు. వంటింటి లెక్క మాత్రం వేరు. 2002 మార్చిలో బీటీ పత్తికి అనుమతి వచ్చింది. ఇప్పుడు దేశంలోని పత్తి చేలల్లో 90 శాతానికి పైగా ఆ విత్తనమే. పత్తి అనగానే మనకు దూది గుర్తొస్తుంది గానీ, చేలో తీసిన పత్తి బరువులో దాదాపు మూడింట రెండు వంతులు గింజే. ఆ గింజల నుంచి ఏటా 10 లక్షల టన్నులకు పైగా నూనె తీస్తున్నారు. అది మిఠాయి దుకాణాలకు, హోటళ్లకు, చిప్స్ తయారీకి, రకరకాల నూనెలు కలిపిన ప్యాకెట్లలోకి పోతుంది. నూనె తీశాక మిగిలిన చెక్క పాడి గేదెల దాణాలో చేరుతుంది. ఆదిలాబాద్, వరంగల్, గుంటూరు నేలల్లో పండిన పత్తి ఇలా రెండు దశాబ్దాలుగా మన పళ్లేల్లోకి వస్తూనే ఉంది. ఆ సంగతి ఏ ప్యాకెట్టూ చెప్పదు.

దేశీయ పత్తి ఒక్కటే కాదు. వంటనూనెల్లో సగానికి పైగా మనం బయటి దేశాల నుంచే తెచ్చుకుంటున్నాం. అందులో సోయా నూనెకు అర్జెంటీనా, బ్రెజిల్ పెద్ద దిక్కు. అక్కడ పండే సోయా దాదాపు అంతా జన్యుమార్పిడి పంటే. కలుపుమందును తట్టుకునే సోయా నుంచి తీసిన నూనె దిగుమతికి మన జన్యు ఇంజనీరింగ్ మదింపు కమిటీయే 2007లో దారి తెరిచింది. కాబట్టి జన్యుమార్పిడి ఆహారం కావాలా, వద్దా అని టీవీ చర్చల్లో వాదించుకుంటున్న మనం అప్పటికే దాన్ని తింటున్నాం. తింటున్నందువల్ల ప్రమాదం ముంచుకొచ్చిందని చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. కొనేవాడికి చెప్పకుండా అమ్మడం తప్పు, ఆ తప్పు చివరికి శాస్త్రానికే చేటు తెస్తుంది అన్నదే ఇక్కడి వాదన. జనం భయపడతారని లేబుల్ వద్దంటున్నవారు ఆ భయానికి మూలం ఎక్కడుందో చూడడం లేదు. జన్యువు మారిందని తెలిసినందుకు పుట్టే భయం చిన్నది. ఆ సంగతి తన దగ్గర దాచారని తెలిసినప్పుడు పుట్టే భయం చాలా పెద్దది, ఎన్ని సంజాయిషీలిచ్చినా పోనిది.

ముందు జనం మనసులో ఏముందో చూద్దాం. అమెరికాకు చెందిన ప్యూ పరిశోధన సంస్థ 2019-20లో 20 దేశాల్లో చేసిన సర్వేలో, మధ్యస్థ లెక్కన 48 శాతం మంది జన్యుమార్పిడి ఆహారం సురక్షితం కాదన్నారు. సురక్షితమన్నవారు 13 శాతమే. మిగిలినవారిలో అత్యధికులు తమకు తెలిసింది చాలదని ఒప్పుకున్నారు. భారతదేశంలో సురక్షితం కాదన్నవారు 58 శాతం. ఈ అంకెలను రెండు పక్షాలూ తమకు కావలసినట్టు వాడుకుంటాయి. వ్యతిరేకులకు ఇది ప్రజాతీర్పు. సమర్థకులకు ఇది అజ్ఞానానికి రుజువు, కాబట్టి ఇలాంటివారి చేతికి లేబుల్ ఇవ్వకూడదన్న వాదనకు ఆధారం. రెండు పక్షాలూ ఒక విషయం మరిచిపోతున్నాయి. సర్వేలో ప్రశ్న అడిగినప్పుడు మనిషి పౌరుడిలా జవాబు చెబుతాడు. దుకాణంలో నిలబడినప్పుడు ధర, రుచి, అలవాటు, ఇంటి ఖర్చు చూసుకునే వినియోగదారుడవుతాడు. ఈ ఇద్దరూ ఒకే మనిషిలో ఉన్నా ఒకే మాట మాట్లాడరు.

ఈ తేడాను కొలిచి చూసినవారున్నారు. చార్లెస్ నూసేర్, స్టెఫాన్ రోబిన్, బెర్నార్ రూఫియో అనే ఆర్థికవేత్తలు ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో మామూలు కొనుగోలుదారులను పిలిచి, నిజమైన సరుకు పెట్టి, నిజమైన డబ్బుతో వేలం నడిపారు. వారి ఫలితాలు 2004లో అచ్చయ్యాయి. జన్యుమార్పిడి వ్యతిరేకతకు యూరప్‌లో పెట్టింది పేరైన దేశం అది. అయినా జన్యుమార్పిడి సరుకును ఏ ధరకూ కొననని మొండికేసినవారు 35 శాతమే. 23 శాతానికి ఎలాగున్నా ఒకటే. మిగిలిన 42 శాతం మంది ధర తగ్గితే కొంటామన్నారు. అదే బృందం అంతకుముందు గమనించిన మరో సంగతి ఇంకా ఆసక్తికరమైనది. లేబుల్ మీద ఆ ముక్క రాసి ఉన్నా, ఎవరైనా వేలు పెట్టి చూపేదాకా చాలామంది కంటికి అది ఆననే లేదు. లేబుల్ పెట్టిన మర్నాడే అమ్మకాలు కుప్పకూలుతాయన్న బెదిరింపును ఈ వెలుగులో చూడాలి. ఖచ్చితంగా వద్దనుకునే మూడోవంతు జనానికి లేబుల్ దారి చూపుతుంది. పట్టింపు లేనివారి దారికి అడ్డురాదు. ఎంపిక చేసుకునే హక్కు అంటే అంతకు మించి ఏమీ లేదు.

ఇది ప్రయోగశాల మాట కాబట్టి నిజమైన అంగడిలో ఏం జరిగిందో కూడా చూడాలి. ఇందుకు బ్రిటన్ అనుభవాన్ని మించిన పాఠం లేదు. 1996 ఫిబ్రవరిలో జెనెకా సంస్థ తయారుచేయించిన టమాటా గుజ్జు సెయిన్స్‌బరీ, సేఫ్‌వే దుకాణాల్లోకి వచ్చింది. త్వరగా మెత్తబడకుండా జన్యువు మార్చిన కాలిఫోర్నియా టమాటాలతో చేసిన గుజ్జు అది. జన్యుమార్పిడి టమాటాలతో తయారైందని డబ్బా మీద స్పష్టంగా రాశారు. చట్టం బలవంతపెట్టకపోయినా రాశారు. పక్కనే మామూలు గుజ్జు డబ్బా కూడా ఉంచారు. జన్యుమార్పిడి డబ్బాలో సరుకు కొంచెం ఎక్కువ, ధర మాత్రం తేలిక. జనం చదివారు, చూశారు, కొన్నారు. కొంతకాలం అది మామూలు గుజ్జును మించి అమ్ముడైంది. 1999 నాటికి దాదాపు 18 లక్షల డబ్బాలు చెల్లాయి. లేబుల్ పెడితే ఎవరూ కొనరన్న వాదన మొట్టమొదటి పరీక్షలోనే తప్పిపోయింది.

మరి అదే బ్రిటన్ రెండు మూడేళ్లలో ఎందుకు ఎదురుతిరిగింది? గుజ్జు వచ్చిన కొన్ని వారాలకే, 1996 మార్చిలో, పిచ్చి ఆవు వ్యాధి మనుషులకూ సోకి ఉండవచ్చని ప్రభుత్వం ఒప్పుకోవలసి వచ్చింది. అంతకు ముందు ఏళ్ల తరబడి గొడ్డుమాంసానికి ఢోకా లేదని మంత్రులు చెబుతూ వచ్చారు. 1990లో వ్యవసాయ మంత్రి జాన్ గమ్మర్ టీవీ కెమెరాల ముందు తన చిన్నారి కూతురికి బర్గర్ తినిపించే ప్రయత్నం కూడా చేశాడు. ఆ మాటలన్నీ అబద్ధమయ్యాక, అదే ఏడాది శరదృతువులో అమెరికా నుంచి సోయా ఓడలు వచ్చాయి. కలుపుమందును తట్టుకునే సోయా, మామూలు సోయా వాటిలో కలిసిపోయి ఉన్నాయి. వేరుచేసి పంపండని యూరప్ వ్యాపారులు అడిగితే కుదరదన్నారు. రొట్టె, బిస్కట్, చాక్లెట్ మొదలు ఎన్నిటిలో ఆ సోయా ఉందో చెప్పగలిగినవారు లేకుండా పోయారు. 1998 ఆగస్టులో అర్పాద్ పుస్తాయ్ అనే శాస్త్రవేత్త జన్యుమార్పిడి బంగాళాదుంపలు తిన్న ఎలుకల గురించి టీవీలో ఆందోళన వెలిబుచ్చేసరికి ఎండుగడ్డి మీద నిప్పు పడ్డట్టయింది. ఆయన ప్రయోగం నాణ్యతపై శాస్త్రవేత్తలు గట్టి అభ్యంతరాలే చెప్పారు గానీ వినే స్థితిలో జనం లేరు. ఆ మంటలో నిజాయితీగా పేరు రాసి అమ్మిన టమాటా గుజ్జు కూడా 1999లో అల్మరాల నుంచి మాయమైంది. చెప్పి అమ్మిన సరుకు నిలదొక్కుకుంది, చెప్పకుండా అమ్మిన సరుకు తనతోపాటు దాన్నీ ముంచింది. ఆ చరిత్ర మొత్తానికి ఇదే సారాంశం.

పదిహేనేళ్ల తర్వాత అమెరికాలో దీనికి అద్దంపట్టే మరో ఆధారం దొరికింది. వెర్మాంట్ అనే చిన్న రాష్ట్రం 2014లో చట్టం చేసి, 2016 జూలై 1 నుంచి జన్యుమార్పిడి ఆహారానికి లేబుల్ తప్పనిసరి చేసింది. కొన్ని వారాలకే అమెరికా కాంగ్రెస్ దేశమంతటికీ వర్తించే చట్టం తెచ్చి దాన్ని పక్కన పెట్టేసింది గానీ, అప్పటికే లేబుళ్లు జనం కళ్లబడ్డాయి. వెర్మాంట్ విశ్వవిద్యాలయానికి చెందిన జేన్ కొలొడిన్‌స్కీ, పర్‌డ్యూ విశ్వవిద్యాలయానికి చెందిన జేసన్ లస్క్ అంతకు ముందూ ఆ తర్వాతా వెర్మాంట్‌లోనూ మిగతా దేశంలోనూ జనాభిప్రాయాన్ని పోల్చి చూశారు. లేబుల్ చూసిన వెర్మాంట్ వాసుల్లో జన్యుమార్పిడి ఆహారంపై వ్యతిరేకత 19 శాతం మేర తగ్గింది. 2018లో వెలువడిన ఈ అధ్యయనం తేల్చింది తేలికైన సంగతే. ఏది ఎందులో ఉందో తెలుస్తున్నప్పుడు పట్టు తన చేతిలో ఉందన్న ధీమా మనిషికి కలుగుతుంది. ఆ ధీమా ఉన్నచోట భయం తగ్గుతుంది.

చెప్పకపోతే ఏమవుతుందో తెలుసుకోవడానికి తెలుగువారు అంత దూరం పోనక్కరలేదు. 2017లో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ప్లాస్టిక్ బియ్యం పుకారు ఎలా పాకిందో అందరికీ తెలుసు. అన్నం ముద్దను బంతిలా నేలకు కొట్టి చూపే వీడియోలు ఫోన్లలో తిరిగాయి. పౌరసరఫరాల అధికారులు నమూనాలు పరీక్ష చేయించి అది మామూలు బియ్యమేనని చెప్పినా అనుమానం చావలేదు. ఆ తర్వాత రేషన్ దుకాణాలకు, బడి భోజనాలకు పోషకాలు చేర్చిన బియ్యం వచ్చింది. బియ్యప్పిండికి ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బీ12 విటమిన్ కలిపి గింజ ఆకారంలో ఒత్తి, ఆ గింజలను మామూలు బియ్యంలో నూటికి ఒకటి చొప్పున కలుపుతారు. రక్తహీనత తగ్గించాలన్న మంచి ఉద్దేశంతో చేపట్టిన పని. కానీ తిన్నవారికి ముందుగా చెప్పడంలో శ్రద్ధ చూపలేదు. బియ్యం కడిగేటప్పుడు రంగు తేడాగా ఉన్న గింజలు నీళ్లపై తేలుతుంటే ఇల్లాళ్లు ప్లాస్టిక్ అనుకుని ఏరి పారేశారు. ఊరూరా అదే ఫిర్యాదు. ఇక్కడ జన్యువుల ప్రసక్తే లేదు, విటమిన్ గింజలకే ఈ గతి పట్టింది. తిండిలో మార్పు చేసి నోరు మూసుకుంటే, ఆ ఖాళీని పుకారు నింపుతుంది.

ఇంత అనుభవం ఉండి కూడా మన ప్రభుత్వాలు చేసిందేమిటో చూస్తే నిరాశే మిగులుతుంది. 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టంలోని 22వ సెక్షన్, నిబంధనలు అనుమతిస్తే తప్ప జన్యుమార్పిడి ఆహారాన్ని తయారుచేయకూడదు, అమ్మకూడదు, దిగుమతి చేసుకోకూడదు అంటుంది. ఆ నిబంధనలు ఏళ్ల తరబడి ముసాయిదా దశ దాటలేదు. మరోవైపు తూనికలు, కొలతల చట్టం కింద 2013 జనవరి 1 నుంచి జన్యుమార్పిడి ఆహారమున్న ప్యాకెట్ పైభాగాన ‘జీఎం’ అని రాయాలన్న నియమం వచ్చింది. అది అమలైన దాఖలా దుకాణంలో కనిపించదు. 2018లో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ 65 ఆహార ఉత్పత్తులను పరీక్షిస్తే 21 ఉత్పత్తుల్లో జన్యుమార్పిడి ఆనవాళ్లు బయటపడ్డాయి. వాటిలో ఎక్కువ దిగుమతి సరుకులే. కొన్నిటిపై తమలో జన్యుమార్పిడి పదార్థం లేదన్న ప్రకటన కూడా ఉంది. 2020లో ఆహార భద్రతా సంస్థ ఆపిల్, బంగాళాదుంప, బొప్పాయి, గోధుమ వంటి 24 పంటల దిగుమతికి జన్యుమార్పిడి కాదన్న ధ్రువపత్రం అడిగింది. ఒకవైపు ఆపిల్ పండుకు కాగితం చూపమంటూ, మరోవైపు లక్షల టన్నుల సోయా నూనెను ఏ గుర్తూ లేకుండా ఇంటింటికీ చేరనిస్తున్నాం. ఆ సంస్థే 2021 నవంబరులో ఒక శాతం, అంతకుమించి జన్యుమార్పిడి పదార్థముంటే లేబుల్ పెట్టాలని ముసాయిదా తెచ్చింది, మరుసటి ఏడాది దాన్ని సవరించింది. 2024 జూలైలో జన్యుమార్పిడి ఆవాలపై సుప్రీంకోర్టు న్యాయమూర్తులు బి.వి. నాగరత్న, సంజయ్ కరోల్ భిన్న తీర్పులిచ్చారు. అయినా జాతీయ విధానం కావాలన్న విషయంలోనూ, దిగుమతయ్యే జన్యుమార్పిడి నూనెలకు చట్టం చెప్పిన లేబుల్ నియమాలు పాటించాలన్న విషయంలోనూ ఇద్దరూ ఒకే మాట చెప్పారు. ఉన్న చట్టాన్ని పాటించండని సుప్రీంకోర్టు గుర్తుచేయాల్సి వచ్చిందంటేనే పరిస్థితి అర్థమవుతుంది.

లేబుల్‌ను వ్యతిరేకించేవారి వాదనల్లో బలమైనది ఇది: జన్యుమార్పిడి ఆహారం వల్ల ఆరోగ్యానికి ప్రత్యేకమైన హాని ఉందని రుజువు కాలేదు, హాని లేనిదానికి హెచ్చరిక ఎందుకు? మొదటి సగంతో పేచీ లేదు. అమెరికా జాతీయ అకాడమీలు 2016లో వందలాది అధ్యయనాలను జల్లెడపట్టి, అప్పటికి మార్కెట్లో ఉన్న జన్యుమార్పిడి పంటలు మామూలు పంటలకంటే మనుషుల ఆరోగ్యానికి ఎక్కువ ప్రమాదకరమనడానికి నమ్మదగిన ఆధారం దొరకలేదన్నాయి. ఎలుకల్లో కణుతులు వచ్చాయంటూ 2012లో గగ్గోలు రేపిన శాస్త్రవేత్త సెరాలిని పరిశోధనాపత్రాన్ని మరుసటి ఏడాదే దాన్ని అచ్చువేసిన పత్రికే ఉపసంహరించింది. తేడా వచ్చేది రెండో సగం దగ్గర. లేబుల్ అంటే హెచ్చరికే అనుకోవడం ఎక్కడి నియమం? మన దేశంలో ప్రతి ప్యాకెట్ మీదా ఆకుపచ్చ గుర్తో, గోధుమరంగు గుర్తో ఉంటుంది. మాంసం ఆరోగ్యానికి చెడు చేస్తుందని ఆ గోధుమరంగు గుర్తు చెప్పడం లేదు. ఆకుపచ్చ గుర్తున్న ప్యాకెట్‌లో నిండా చక్కెర ఉండవచ్చు, అదేమీ ఆరోగ్యానికి హామీ కాదు. అది కేవలం కొనేవారి నమ్మకాలకు, అలవాట్లకు ఇచ్చిన మర్యాద. కోట్లమంది రోజూ దాన్ని చూస్తున్నారు, ఎవరూ భయపడి పారిపోవడం లేదు. ప్రమాదం ఉన్నా లేకపోయినా తన తిండి ఎక్కడినుంచి, ఎలా వచ్చిందో తెలుసుకోవాలనుకునే మనిషికి సమాధానం చెప్పడం మనకు కొత్త పని కాదు. విత్తనంపై పేటెంట్లు నచ్చక వద్దనుకునేవారుంటారు. కలుపుమందుల వాడకం పెరుగుతుందని వెనుకాడేవారుంటారు. తక్కువ పురుగుమందు కొట్టిన పంట అని కోరి కొనేవారూ ఉండవచ్చు. వీరందరికీ ఆరోగ్య నివేదిక చూపించి నోరు మూయించడం జవాబు కాదు.

జనానికి తెలియదు కాబట్టి లేబుల్ వారిని తప్పుదోవ పట్టిస్తుందన్నది మరో వాదన. దీనికి సాక్ష్యంగా 2015 జనవరిలో అమెరికాలోని ఓక్లహోమా స్టేట్ విశ్వవిద్యాలయం జరిపిన సర్వేను చూపుతారు. డీఎన్‌ఏ ఉన్న ఆహారానికి లేబుల్ తప్పనిసరి చేయాలా అని అడిగితే 80 శాతానికి పైగా అవునన్నారు. పచ్చిమిర్చి నుంచి పప్పు దాకా అన్నిటిలోనూ డీఎన్‌ఏ ఉంటుంది కాబట్టి నవ్వు రావడం సహజమే. కానీ ఆ సర్వే చెబుతున్నది జనం తెలివితక్కువతనం గురించే కాదు. ఏదైనా కొత్త మాట వినిపిస్తే ముందు చెప్పేసెయ్యండి అని జనం కోరుకుంటారని కూడా అది చెబుతోంది. తెలియనివాడికి తెలియజేయడం ఒక పద్ధతి, తెలియదు కాబట్టి చెప్పనక్కరలేదనడం మరో పద్ధతి. రెండోదాన్ని ఒప్పుకుంటే మందుల చీటీ దగ్గర నుంచి బ్యాంకు పత్రాల దాకా ఏదీ ఎవరికీ చూపనక్కరలేదు. పైగా చూసీ చూసీ అలవాటు పడితేనే అవగాహన వస్తుంది. వెర్మాంట్‌లో జరిగింది అదే.

మూడో వాదన సాంకేతికమైనది, దీన్ని తేలికగా కొట్టిపారేయలేం. బాగా శుద్ధిచేసిన నూనెలో డీఎన్‌ఏ గానీ ప్రొటీన్ గానీ దాదాపు మిగలదు. బీటీ పత్తి నూనె, మామూలు పత్తి నూనె రసాయనికంగా ఒకటే అయినప్పుడు దేనికి లేబుల్ పెడతారు? లోకం ఇక్కడే రెండుగా చీలింది. అమెరికాలో 2022 జనవరి నుంచి పూర్తిగా అమల్లోకి వచ్చిన చట్టం, ఆనవాళ్లు దొరకని శుద్ధిచేసిన నూనెను, చక్కెరను మినహాయించింది. ఆ దేశంలో స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు దుకాణంలో కొన్ని ప్యాకెట్ల మీద ‘బయోఇంజనీర్డ్’ అన్న గుర్తు చూస్తుంటాయి గానీ, అదే సోయా నుంచి వచ్చిన నూనె సీసా మీద అది లేకపోవచ్చు. యూరప్ 2004 నుంచి మరో దారి పట్టింది. నూనెలో ఆనవాలు మిగిలిందా లేదా అని చూడదు, అది ఏ పంట నుంచి వచ్చిందో పొలం నుంచి దుకాణం దాకా కాగితాల్లో నమోదు చేయిస్తుంది. అనుకోకుండా కలిసే దానికి 0.9 శాతం దాకా మినహాయింపునిస్తుంది. మనకు యూరప్ దారే సరిపోతుంది. కొనేవాడి ప్రశ్న ఈ చుక్కలో ఏముంది అన్నది మాత్రమే కాదు, ఇది ఏ పంట నుంచి వచ్చింది అన్నది కూడా. పైగా పరీక్షలో దొరికితేనే లేబుల్ అంటే మన దేశంలో జనం తినే జన్యుమార్పిడి సరుకులో అత్యధిక భాగం, అంటే నూనె, మొత్తంగా తప్పించుకుపోతుంది. అప్పుడు లేబుల్ చట్టం ఉండీ లేనట్టే.

ఖర్చు మాటేమిటి? జన్యుమార్పిడి పంటను, మామూలు పంటను వేరుగా నిల్వచేసి, వేరుగా రవాణా చేసి, పరీక్షలు జరిపితే ధర పెరుగుతుంది, ఆ భారం పేదల మీదే పడుతుంది అంటారు. మొక్కజొన్న, బొప్పాయి వంటి పంటల్లో రెండు రకాలూ సమానంగా కలిసిపోయే దేశాలకు ఇది నిజమైన సమస్యే. మనకు మాత్రం వాస్తవం లేబుల్‌కు అనుకూలంగా ఉంది. దేశంలో పత్తి దాదాపు అంతా బీటీ, అర్జెంటీనా సోయా దాదాపు అంతా జన్యుమార్పిడి అయినప్పుడు వేరుచేయాల్సిన పనేముంది? పత్తి గింజల నూనె, దిగుమతి చేసుకున్న సోయా నూనె జన్యుమార్పిడి పంట నుంచి వచ్చినవేనని చట్టం ముందే భావించి, ఆ మాట అచ్చు వేయమంటే చాలు. తమది అలాంటిది కాదని చెప్పుకోదలచినవారు రుజువు చూపి ఆ ఖర్చు తాము భరిస్తారు, అందుకు తగ్గ ధరా రాబట్టుకుంటారు. మిగతావారికి అయ్యే ఖర్చు సిరా ఖర్చే. లేబుల్ చదవగలిగేది నగరాల్లోని సూపర్‌మార్కెట్ జనమే, విడిగా నూనె కొనేవారికీ బండి మీద బజ్జీ తినేవారికీ దానివల్ల ఒరిగేదేమిటి అన్న ప్రశ్నలో న్యాయముంది. కానీ అది లేబుల్ వద్దనడానికి కారణం కాదు. రేషన్ దుకాణంలో, టోకు డబ్బా మీద, హోటల్ గోడ మీద తెలుగులో రాసిపెట్టమనడానికి కారణం. చదువురానివారి కోసమే కదా మాంసాహారానికి మాటలకు బదులు రంగు గుర్తు పెట్టుకున్నాం.

ఇక రెండో వైపు నుంచి వచ్చే అభ్యంతరం. లేబుల్‌కు ఒప్పుకుంటే జన్యుమార్పిడికి ఆమోదముద్ర వేసినట్టే, మాకు కావలసింది నిషేధం అంటారు కొందరు ఉద్యమకారులు. వారి శ్రమను చులకన చేయలేం. 2010 ఆరంభంలో అప్పటి పర్యావరణ మంత్రి జైరాం రమేష్ హైదరాబాద్‌తో సహా ఏడు నగరాల్లో జనం ముందు కూర్చుని బీటీ వంకాయపై వాదనలు విన్నారంటే అది వారి ఒత్తిడి ఫలితమే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సహా పలు రాష్ట్రాలు వద్దన్నాయి. ఫిబ్రవరి 9న తాత్కాలిక నిలుపుదల ప్రకటన వచ్చింది. కానీ నిలుపుదల అన్న మాట పొలాల్లోని విత్తనాన్ని ఆపగలిగిందా? 2019లో హర్యానాలోని ఫతేహాబాద్‌లో అనుమతి లేని బీటీ వంకాయ తోట బయటపడింది. కలుపుమందును తట్టుకునే అనుమతిలేని పత్తి విత్తనం ఏటా తెలుగు రాష్ట్రాల్లోకి దొంగదారిన వస్తూనే ఉంది, దాడులు జరుగుతూనే ఉన్నాయి. కాగితం మీది నిషేధం, నేల మీది నిశ్శబ్దం రెండూ కలిస్తే లాభపడేది విత్తన దొంగలే. లేబుల్ తప్పనిసరి అయితే సరుకు మూలం నమోదు చేయక తప్పదు. నమోదు ఉన్నచోటే దొంగ సరుకు పట్టుబడుతుంది, రేపు ఏదైనా తేడా వచ్చినా ఎక్కడి సరుకో వెతికి వెనక్కి తెప్పించగలుగుతాం. ఆ మాటకొస్తే జాగ్రత్త కోరేవారికి లేబుల్‌ను మించిన ఆయుధం లేదు.

ఈ చర్చ మనకు ఇప్పుడు మరింత అత్యవసరమైంది. 2025 మే 4న కేంద్ర వ్యవసాయ మంత్రి రెండు జన్యు సవరణ వరి రకాలను ప్రకటించారు. ఒకటి హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని భారత వరి పరిశోధన సంస్థ రూపొందించిన డీఆర్‌ఆర్ ధాన్ 100, అంటే కమల. దాని తల్లి బాపట్లలో పుట్టి తెలుగువారి సన్నన్నానికి మారుపేరైన సాంబ మసూరి, రైతు నోట బీపీటీ. రెండోది ఢిల్లీలోని పూసా సంస్థ తెచ్చిన రకం. దానికి ఆధారం మార్టేరు నుంచి వచ్చిన ఎంటీయూ 1010, మనవాళ్లు కాటన్‌దొర సన్నాలు అని పిలుచుకునే వరి. వీటిలో పరాయి జన్యువు లేదు, ఉన్న జన్యువునే కత్తిరించి సవరించారు. అందుకే 2022లో పర్యావరణ శాఖ ఇలాంటి వాటిని జన్యుమార్పిడి నిబంధనల నుంచి మినహాయించింది. కమల ముందుగా కోతకొస్తుందని, దిగుబడి పెంచుతుందని, నీళ్లు ఆదా చేస్తుందని శాస్త్రవేత్తలంటున్నారు. అది నిజమైతే రైతుకు మేలే. కానీ ఈ బియ్యం బీపీటీ బస్తాల్లో కలిసిపోయి, ఏ మాటా చెప్పకుండా సన్నబియ్యంగా ఇళ్లకు చేరితే, ప్లాస్టిక్ బియ్యం నాటి కథ ఇంతకింతై తిరిగొస్తుంది. దీనికి కొత్త యంత్రాంగమేమీ అక్కరలేదు. తెలుగు ఇల్లు బియ్యాన్ని పేరుపెట్టి కొంటుంది. హెచ్‌ఎంటీ, జైశ్రీరాం, సోనా మసూరి అంటూ రకాన్ని అడిగి, పాతదా కొత్తదా అని వాకబు చేసి కొనే అలవాటు మనది. కమలను కమలగానే, జన్యు సవరణతో వచ్చిన రకమని ఒక్క ముక్క చేర్చి అమ్మితే చాలు. బాగుంటే ఆ పేరే దానికి గిరాకీ తెస్తుంది. తెలంగాణలో 2025 ఉగాది నుంచి రేషన్ దుకాణాల్లోనే సన్నబియ్యం ఇస్తున్నారు కాబట్టి, ఎంచుకునే వీలు లేకుండా ప్రభుత్వం చేతి బియ్యాన్నే తినేవారికి ఆ సంగతి చెప్పాల్సిన బాధ్యత మరింత ఎక్కువ.

లేబుల్ పెట్టాక కొన్ని సరుకులకు గిరాకీ తగ్గవచ్చు. యూరప్‌లో దుకాణదారులు జన్యుమార్పిడి సరుకును అల్మరాల నుంచి తీసేశారన్నది నిజం, ఆ దెబ్బ నుంచి అక్కడి పరిశోధన నేటికీ కోలుకోలేదన్నదీ నిజం. ఆ నష్టానికి కారణం లేబుల్ కాదు, లేబుల్ రాక ముందు పోయిన నమ్మకం అని పైన చూశాం. ఒకవేళ పేరు చెప్పి, ధర చెప్పి, లాభం చెప్పి అమ్మినా జనం వద్దంటే, అది అంగడి తీర్పు. దాచిపెడితే తప్ప అమ్ముడుపోని సరుకుకు మార్కెట్టు హామీ ఇవ్వాల్సిన పని ప్రభుత్వానికి లేదు. ప్రభుత్వం చేయాల్సిన పని వేరే ఉంది. ముసాయిదాల్లో నలుగుతున్న నిబంధనలకు తుదిరూపమిచ్చి, నూనెలకు మినహాయింపు లేకుండా, పంట పేరు, అందులో చేసిన మార్పు, దాని ప్రయోజనం ఒక్క వాక్యంలో తెలుగు సహా ప్రాంతీయ భాషల్లో రాయించాలి. భయపెట్టే ఎర్ర రంగు వద్దు, కంటికి కనబడని చిన్న అక్షరాలూ వద్దు. ఎవరైనా వెళ్లి అడగగలిగే పరీక్షా కేంద్రాలు జిల్లాల్లో ఉండాలి, ఫలితాలు బహిరంగంగా పెట్టాలి. తమ విత్తనం మీద నమ్మకమున్న శాస్త్రవేత్తలు ఈ లేబుల్ కోసం అందరికంటే ముందు నిలబడి అడగాలి. పొలంలో గెలిచిన పంట పళ్లెంలోనూ గెలవాలంటే, తినేవారి ఎదుట తన పేరు చెప్పుకోక తప్పదు.